రిటార్డ్ గోలీ కంపెనీ మారింది, బాపుకు గుండె దడ – ఎఫ్2 57 వస్తే రెండూ ఒకటేనా?

తంగేడుపువ్వు · సోమవారం రాత్రి

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పరకాల దగ్గర ఊరు. బాపుకు ఆరేళ్ల నుంచి బీపీ. నిఫెడిపిన్ రిటార్డ్ (మందును నెమ్మదిగా వదిలే గోలీ) 20 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాడు. పోయిన నెల షాపులో పాత కంపెనీది లేదని వేరే కంపెనీ స్ట్రిప్ ఇచ్చారు. మందు అదే, మిల్లీగ్రాములు అవే, వెనక రిటార్డ్ అనే రాసి ఉంది. అప్పటి నుంచి గోలీ వేసుకున్న గంటకే మొహం వేడెక్కుతోందట, గుండె దడదడ కొట్టుకుంటోందట. పత్తి చేనులో వంగి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి అంటున్నాడు.

మా గైడ్ సార్‌ను అడిగి రెండు స్ట్రిప్‌లూ ల్యాబ్‌లో డిసల్యూషన్ (గోలీలోంచి మందు ఎంత వేగంగా కరిగి బయటికి వస్తుందో చూసే పరీక్ష) పెట్టాను. పిహెచ్ 6.8 బఫర్, అందులో సోడియం లారిల్ సల్ఫేట్ 0.5 శాతం, ఒక్కో కంపెనీవి ఆరు గోలీలు. 1, 2, 4, 6, 8 గంటలకు పాతది 15, 27, 48, 66, 82 శాతం కరిగింది. కొత్తది 27, 36, 52, 68, 83. రెండూ కరిగే తీరు ఎంత దగ్గరగా ఉందో చెప్పే ఎఫ్2 అంకె లెక్క కడితే 57 వచ్చింది. 50 దాటితే రెండూ సమానం అని చదువుకున్నాం. మరి బాపు చెప్పేది ఏమిటి? ఊరికే అలా అనిపిస్తోందా? రెండు రోజులుగా టెన్షన్‌తో నిద్ర లేదు.

కరీంనగర్_వైద్యుడు · సోమవారం రాత్రి

అమ్మా, ముందు బాపు సంగతి. రేపు పొద్దున్నే బీపీ, నాడి చూపించండి. కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి కొలవమనండి. మందు మాత్రం ఒక్కసారిగా ఆపవద్దు. పాత స్ట్రిప్, కొత్త స్ట్రిప్ రెండూ డాక్టర్ చేతిలో పెట్టండి. ఛాతీలో నొప్పి గానీ, స్పృహ తప్పడం గానీ ఉంటే రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే దవాఖానకు తీసుకుపోండి.

ఆయన ఊరికే అనుకుంటున్నాడని అనుకోకండి. మొహం వేడెక్కడం, దడ, తల తిరగడం మూడూ నిఫెడిపిన్ రక్తంలోకి తొందరగా చేరినప్పుడు కనిపించేవే. ఈ మందు విషయంలో ఎంత చేరింది అన్నదే కాదు, ఎంత వేగంగా చేరింది అన్నది కూడా ముఖ్యం. 1980ల్లోనే నెదర్లాండ్స్‌లో దీన్ని సెలైన్‌తో వేగంగా ఎక్కించి ఒకసారి, నెమ్మదిగా ఎక్కించి ఒకసారి చూశారు. వేగంగా ఎక్కిస్తే గుండె కొట్టుకునే వేగం పెరిగింది. నెమ్మదిగా ఎక్కిస్తే గుండె వేగం పెరగకుండానే బీపీ తగ్గింది. ఈ మందును రిటార్డ్‌గా తయారు చేసేది అందుకే.

కాజీపేట_అనలిస్ట్ · మంగళవారం

హైదరాబాద్ ల్యాబ్‌లలో 27 ఏళ్లు డిసల్యూషన్ పని చేసి రిటైర్ అయ్యాను. నీ లెక్క నేనూ కట్టి చూశాను తల్లీ, 57 సరైనదే. కానీ ఆ 57 ఎక్కడి నుంచి వచ్చిందో చూడు.

తేడాలు వరసగా 12, 9, 4, 2, 1. వాటి వర్గాలు 144, 81, 16, 4, 1. మొత్తం 246, ఐదుతో భాగిస్తే 49. దాన్ని ఎఫ్2 సూత్రంలో పెడితే 57. ప్రతి పాయింటులోనూ తేడా సరిగ్గా 10 ఉంటే ఎఫ్2 దాదాపు 50 వస్తుంది. అందుకే 50 గీత పెట్టారు. నీ దగ్గర మొదటి గంటలో తేడా 12, అంటే ఆ గీత దాటింది. చివరి మూడు పాయింట్లు దగ్గరగా ఉండబట్టి సగటు దాన్ని మింగేసింది. 15 ఎక్కడ, 27 ఎక్కడ! మొదటి గంటలో కొత్త గోలీ దాదాపు రెట్టింపు మందు వదులుతోంది. బాపు చెప్పే దడ కూడా ఆ గంటలోనే. ఎఫ్2కి ఏ గంటలో తేడా వచ్చిందన్న పట్టింపు లేదు. గంటల వరస తలకిందులు చేసి కట్టినా అదే 57 వస్తుంది.

ఇంకో సంగతి. నిఫెడిపిన్ నీళ్లలో దాదాపు కరగదు, అందుకే లారిల్ సల్ఫేట్ కలుపుతారు. అది సబ్బులాంటిది. ఎక్కువైతే రెండు గోలీల మధ్య ఉన్న అసలు తేడాను కడిగేస్తుంది. 0.5 శాతంలోనే ఈ తేడా కనిపించిందంటే తక్కువ శాతంలో ఇంకా ఎక్కువ కనిపించవచ్చు. ఒక్క 6.8తో ఆగకుండా 1.2లోనూ 4.5లోనూ పెట్టు. నిఫెడిపిన్‌కు పిహెచ్‌తో పెద్ద పని లేకపోయినా దాన్ని పట్టి ఉంచే పాలిమర్‌కు ఉండవచ్చు. ఎఫ్2కి ఒక్కోదానివి 12 గోలీలు కావాలి, ఆరు సరిపోవు. మొదటి పాయింటులో గోలీకి గోలీకి మధ్య తేడా 20 శాతం మించకూడదు, తర్వాతి పాయింట్లలో 10 శాతం మించకూడదు. నీ సగటులే రాశావు, ఆ తేడా రాయలేదు. ల్యాబ్‌లో ట్యూబ్‌లైట్ కింద పెట్టావా? నిఫెడిపిన్ వెలుతురుకు పాడవుతుంది. పసుపు బల్బు, ముదురు గోధుమ రంగు సీసాలు వాడాలి.

తంగేడుపువ్వు · మంగళవారం

సార్, సీసాలు గోధుమ రంగువే, కానీ లైటు మామూలుదే. గోలీకి గోలీకి తేడా కొత్త కంపెనీలో మొదటి గంటకు 24 శాతం ఉంది. అది రాయడం మరిచిపోయాను. పాతదానిలో 9.

కాజీపేట_అనలిస్ట్ · మంగళవారం

అలాగైతే ఆ ఎఫ్2 వాడే వీలే లేదు. 24 శాతం అంటే సగటు 27కు అటూ ఇటూ, ఒక గోలీ 20 వదిలితే ఇంకోటి 34 వదులుతోంది. బాపుకు ఏ రోజు ఏ గోలీ చేతికొస్తే ఆ రోజు ఆ పరిస్థితి.

నర్సంపేట_షాపు · మంగళవారం

చెల్లె, నాది మెడికల్ షాపు, 18 ఏళ్లయింది. మాలాంటి వాళ్ల తప్పు కూడా ఇందులో ఉంది కాబట్టి చెప్తున్నా. నిఫెడిపిన్ షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సింది. డ్రగ్స్ రూల్స్‌లో 65వ నిబంధన ప్రకారం చీటీలో రాసినదానికి బదులు వేరేది ఇవ్వకూడదు, లోపల మందు ఒకటే అయినా సరే. కానీ ఏజెన్సీ నుంచి సరుకు రాకపోతే, పేషెంట్ పది కిలోమీటర్లు బస్సులో వచ్చి నిలబడితే చాలామంది ఇచ్చేస్తారు. నేనూ ఇచ్చిన. మామూలు పారాసిటమాల్‌కు, ఎస్‌ఆర్ గోలీకి (రిటార్డ్ లాగా నెమ్మదిగా మందు వదిలేదానికి) మధ్య ఇంత తేడా ఉందని మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఒక్క మాట అడుగుతా. బాపు గోలీని విరిచి వేసుకుంటున్నాడా? నమిలి మింగుతున్నాడా? మా దగ్గర ముసలివాళ్లు గోలీ పెద్దగా ఉందని దంచి నీళ్లలో కలుపుకుంటారు. ఒకామె భర్తకు ఆరు నెలలు ఎక్స్‌ఎల్ (రోజంతా పనిచేసే) గోలీ రోటిలో నూరి ఇచ్చింది. అట్లా చేస్తే 24 గంటల మందు ఒక్కసారే లోపలికి పోతుంది.

తంగేడుపువ్వు · మంగళవారం

లేదన్నా, మొత్తం గోలీయే మింగుతాడు. కానీ మీరు అడిగాక ఫోన్ చేసి ఆరా తీశాను. ఇదివరకు అన్నం తిన్నాక వేసుకునేవాడు. పత్తి ఏరే రోజులు కదా, పొద్దున ఐదున్నరకే పరగడుపున చాయతో వేసుకుని చేనుకు పోతున్నాడట. అంటే ఒకేసారి రెండు మారాయి.

కరీంనగర్_వైద్యుడు · మంగళవారం

ఇది చాలా ముఖ్యమైన విషయం. కంపెనీ తప్పు అని ఇప్పుడే తేల్చడానికి లేదు. అలాగని ల్యాబ్‌లో కనిపించిన తేడాను కొట్టిపారేయడానికీ లేదు.

లాగ్‌నార్మల్ · మంగళవారం రాత్రి

మాది మంచిర్యాల. హైదరాబాద్‌లో బయోస్టాటిస్టిక్స్ పని. ఈ చర్చలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతున్నాయి, విడదీస్తాను.

డిసల్యూషన్ గాజు పాత్రలో జరిగేది. సమానత్వం తేల్చేది మనుషుల రక్తంలో. ఆరోగ్యవంతులకు ఒకసారి అసలు కంపెనీ మందు, కొన్ని రోజుల గ్యాప్ తర్వాత జెనరిక్, అంటే వేరే కంపెనీ చేసిన అదే మందు (కొందరికి ముందు ఇది, కొందరికి ముందు అది) ఇచ్చి రక్తం తీస్తారు. రక్తంలో మందు చేరిన గరిష్ఠ స్థాయి సీమ్యాక్స్, మొత్తం మందు ఎంత చేరిందో చెప్పేది ఎయూసీ. ఈ రెండింటిలో జెనరిక్ అసలుదానిలో ఎన్ని శాతమో చూసి, దానికి 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు సగటు ఉండగల హద్దులు) కడితే అది మొత్తంగా 80 నుంచి 125 మధ్యలో ఉండాలి. దీన్ని విని చాలామంది 'అయితే జెనరిక్‌లో 20 శాతం మందు తక్కువ ఉండొచ్చట' అంటారు. అది తప్పు. సగటు 92 ఉండి ఇంటర్వెల్ 84 నుంచి 101 దాకా ఉంటే పాస్. సగటు 84 ఉండి ఇంటర్వెల్ 76 నుంచి 93 దాకా ఉంటే ఫెయిల్, ఎందుకంటే ఒక కొస 80 కంటే కిందికి పోయింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 12 ఏళ్లలో ఆమోదించిన జెనరిక్‌ల 2,070 అధ్యయనాలను కలిపి చూస్తే సీమ్యాక్స్‌లో సగటు తేడా 4.35 శాతం, ఎయూసీలో 3.56 శాతం. జెనరిక్ అనగానే భయపడే పని లేదు.

కానీ ఎస్‌ఆర్ మందులకు ఈ రెండు అంకెలు మాత్రమే చాలవు. ఒక గోలీ రెండో గంటకు గరిష్ఠానికి పోవచ్చు, ఇంకోటి ఆరో గంటకు పోవచ్చు. ఎత్తు ఒకటే, మొత్తం ఒకటే. రక్తంలో మందు ఎక్కి దిగే గీత ఆకారం మాత్రం వేరు. అందుకే గీతను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క కింది ఎయూసీని విడిగా పోల్చే పద్ధతి వచ్చింది. నిద్రకు ఇచ్చే నెమ్మది గోలీ జోల్పిడెమ్ ఈఆర్‌కు మొదటి గంటన్నర ఒక ముక్క, మిగతాది ఇంకో ముక్క. మొదటిది నిద్ర పట్టడానికి, రెండోది మధ్యలో మెలకువ రాకుండా ఉండటానికి. పిల్లల్లో ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత నిలవని సమస్యకు) ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ కాన్సెర్టాకు పరగడుపున 0–3, 3–7, 7–12 గంటలు. అక్కడ రెండు జెనరిక్‌లు బడి అయిపోయే వేళకు, అంటే 7 నుంచి 12 గంటల మధ్య, మందును సరిగ్గా అందించడం లేదేమోనని 2014 నవంబర్‌లో ఎఫ్‌డీఏ వాటి సమాన రేటింగ్ తీసేసింది. ఏ ముక్క చూడాలన్నది మందు ఎందుకు వాడుతున్నామో దాన్ని బట్టి ఉంటుంది. గణితంలో దానికి జవాబు దొరకదు.

కాజీపేట_అనలిస్ట్ · బుధవారం

బ్యూప్రోపియాన్ కథ కూడా చెప్పాలి, తంగేడుపువ్వుకు పనికొస్తుంది. డిప్రెషన్‌కు వాడే వెల్‌బ్యుట్రిన్ ఎక్స్‌ఎల్‌కు జెనరిక్‌గా 2006 డిసెంబర్‌లో బ్యూడెప్రియాన్ ఎక్స్‌ఎల్ 300కు అమెరికాలో ఆమోదం ఇచ్చారు. 300 మిల్లీగ్రాములు ఆరోగ్యవంతులకు ఇస్తే మూర్ఛ వస్తుందేమోనని పరీక్ష 150తోనే చేశారు. ఆ ఫలితాన్నే 300కూ వర్తింపజేశారు. మార్కెట్లోకి వచ్చాక ఫిర్యాదులు మొదలయ్యాయి. మందు పని చేయడం లేదని, మళ్లీ దిగులు కమ్ముకుంటోందని పేషెంట్లు రాశారు. చాలాకాలం అది జబ్బు తిరగబెట్టడమే అనుకున్నారు. చివరికి ఎఫ్‌డీఏయే సొంతంగా 300తో అధ్యయనం చేయించింది. సీమ్యాక్స్ అసలుదానిలో 75 శాతం, ఎయూసీ 86 శాతం వచ్చాయి. 2012 అక్టోబర్‌లో ఆ 300ను తప్పించారు.

అసలు గోలీ పైన పొర ఉండి లోపల మందు ఉండే రకం. జెనరిక్‌ది మాత్రం మందును పాలిమర్ ముద్దలో కలిపిన రకం. రెండూ 24 గంటల గోలీలే, కానీ తాళం వేరు, తాళం చెవి వేరు. చిన్న మోతాదులో ఒకేలా నడిచినవి పెద్ద మోతాదులో కూడా అలాగే నడుస్తాయని నమ్మడానికి లేదని అప్పుడు తెలిసింది. పేషెంట్లు చెప్పినదాన్ని ముందే విని ఉంటే ఆరేళ్లు పట్టేది కాదు. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

హుజూరాబాద్_శ్రీను · బుధవారం

అన్నలారా, నేను చదువుకున్నది ఇంటర్ వరకే. కానీ మీరు చెప్పే రక్తం ఇచ్చింది మాలాంటి వాళ్లమే. 2017లో జమ్మికుంట, మా హుజూరాబాద్ దిక్కు పిల్లలు ఇట్లాంటి ట్రయల్స్‌కు పోయి ఆరోగ్యం పాడుచేసుకున్నారని పేపర్లలో వచ్చింది కదా. అంతకుముందు నేను మూడుసార్లు పోయిన. సెంటర్ పేరు చెప్పను.

రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా ఉంచుతారు. ఒక దఫా పరగడుపున గోలీ, ఇంకో దఫా బాగా నెయ్యి, వెన్న ఉన్న టిఫిన్ పెట్టి అరగంటలో మొత్తం తినాలంటారు. మనం పొద్దున సద్దన్నం తినేవాళ్లం, అంత వెన్న దిగదు. చేతికి సూది పెట్టి ఉంచి రోజంతా రక్తం తీస్తారు, ఇరవైసార్లకు పైనే. ఒకసారి గోలీ వేసుకున్న తొమ్మిది గంటలకు కక్కిన. చెప్పిన. నన్ను తీసేసి పైసలు కోసిండ్రు. పక్కబెడ్డు పిలగాడు బాత్రూంల కక్కి చెప్పలేదు, వానికి పూర్తి పైసలు ఇచ్చిండ్రు. మరి వాని రక్తంల మందు తక్కువ కనబడితే అది గోలీ తప్పా, వాని తప్పా?

లాగ్‌నార్మల్ · బుధవారం

శ్రీనన్నా, ఇది చెప్పినందుకు నిజంగా థాంక్స్. మామూలు గోలీ అయితే తొమ్మిదో గంటలో వాంతి వల్ల పెద్ద తేడా రాదు. ఎస్‌ఆర్ గోలీ మాత్రం అప్పటికీ కడుపులో మందు వదులుతూనే ఉంటుంది. అందుకే ఎస్‌ఆర్ అధ్యయనాల్లో రెండు డోసుల మధ్య కాలంలో ఎప్పుడు వాంతి అయినా ఆ మనిషి లెక్కలు పక్కన పెట్టవచ్చు. నువ్వు చెప్పినందుకు డేటా శుభ్రంగా ఉంది, ఆ అబ్బాయి చెప్పనందుకు పాడైంది. నిజం చెప్పినవాడికి పైసలు కోసే పద్ధతి ఉంటే మేము ఎంత గొప్ప గణితం చేసినా దండగే. పేషెంట్లు వాడే మందు ఆ లెక్క మీదే ఆమోదం పొందుతుంది.

ఆ వెన్న టిఫిన్‌కూ కారణం ఉంది. 800 నుంచి 1,000 క్యాలరీలు, అందులో సగం దాకా కొవ్వు. కొవ్వుతో కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది, పిత్తరసం ఎక్కువగా ఊరుతుంది. ఎస్‌ఆర్ గోలీని అన్నిటికంటే ఎక్కువగా పరీక్షించే పరిస్థితి అది. 1980ల్లో ఆస్తమాకు ఇచ్చే థియో-24 అనే థియోఫిలిన్ క్యాప్సూల్ కొవ్వు భోజనం తర్వాత వేసుకుంటే రోజంతా రావాల్సిన మందులో సగం దాకా నాలుగు గంటల్లోనే వదిలేసింది. దాన్నే డోస్ డంపింగ్ అంటారు. అందుకే ఎస్‌ఆర్ జెనరిక్‌కు పరగడుపు పరీక్ష, భోజనం పరీక్ష రెండూ అడుగుతారు.

కరీంనగర్_వైద్యుడు · బుధవారం రాత్రి

డంపింగ్ అంటే మన దిక్కు ఇంకో సంగతి గుర్తుకొస్తుంది. సాయంత్రం మద్యం తాగి, అదే చేత్తో రాత్రి గోలీ వేసుకునేవాళ్లు నా దగ్గరికి రోజూ వస్తారు. 2005లో అమెరికాలో పల్లడోన్ అనే హైడ్రోమార్ఫోన్ (బలమైన నొప్పి మందు) క్యాప్సూల్‌ను మార్కెట్ నుంచి తీసేశారు. ఆల్కహాల్‌తో కలిస్తే మందును నెమ్మదిగా వదిలే ఏర్పాటు చెడిపోయి మందు ఒక్కసారే బయటికి వచ్చేది. ఇప్పుడు ఎస్‌ఆర్ గోలీలను ఆమ్లంలో 5, 20, 40 శాతం ఆల్కహాల్ కలిపి రెండు గంటలు పరీక్షిస్తారు. 40 అంటే విస్కీ. తంగేడుపువ్వు, నీ ప్రాజెక్టులో ఇది కూడా చేర్చు. మన ఊళ్లలో దీనికి ఉన్నంత అవసరం చాలా తక్కువ చోట్ల ఉంటుంది.

లాగ్‌నార్మల్‌తో ఒక్కచోట నాకు పేచీ ఉంది. ఒక్క డోసు ఇచ్చి తేల్చేస్తే ఎట్లా? నా పేషెంట్ జీవితాంతం వేసుకుంటాడు. రోజుల తరబడి వేసుకున్నాక, తర్వాతి డోసుకు ముందు రక్తంలో ఎంత మిగిలింది అన్నది నాకు కావాలి. తెల్లవారుజామున బీపీ పెరిగేది అప్పుడే.

లాగ్‌నార్మల్ · గురువారం

ఒక్క డోసుతోనే గోలీల మధ్య తేడా స్పష్టంగా బయటపడుతుంది డాక్టర్ గారూ. రోజూ వేసుకుంటే నిన్నటి మందు ఇవాళ్టి మందుతో కలిసి తేడాలు చదునైపోతాయి. ఎఫ్‌డీఏ వాదన ఇదే. యూరప్ వాళ్లు మీ వైపు. 2015 జూన్ నుంచి అమల్లో ఉన్న వాళ్ల గైడ్‌లైన్ ఎస్‌ఆర్ మందులకు రోజుల తరబడి ఇచ్చే అధ్యయనం కూడా అడుగుతుంది, డోసు చివర మిగిలిన స్థాయినీ పోలుస్తుంది. మందు పెద్దగా పోగుపడదని తేలితే మాత్రం మినహాయింపు ఇస్తుంది. అందుకు ఒక డోసు తర్వాత మొత్తం ఎయూసీలో 90 శాతానికి పైగా ఆ డోసు కాలంలోనే అయిపోవాలి.

కరీంనగర్_వైద్యుడు · గురువారం

చదునైపోతే పేషెంట్‌లోనూ చదునైపోతుంది కదా, అప్పుడు ఆ తేడాతో నాకేం పని? చదును కాకుండా మిగిలిందే నాకు కావాలి. నేను యూరప్ పద్ధతి వైపే.

నర్సంపేట_షాపు · గురువారం

మన దేశంలో ఎట్లా సార్? మా దగ్గర ఒకే ఎస్‌ఆర్ మందు ఎన్నో కంపెనీలది ఉంటుంది. అన్నీ పరీక్షించి వచ్చినవేనా?

కాజీపేట_అనలిస్ట్ · గురువారం

రూలు గట్టిదే. 2019 కొత్త మందుల నిబంధనల ప్రకారం మామూలు కొత్త మందు నాలుగేళ్లకు 'కొత్త' అనే ముద్ర పోగొట్టుకుంటుంది. మోడిఫైడ్ రిలీజ్, సస్టెయిన్డ్ రిలీజ్ (ఎస్‌ఆర్) మందు మాత్రం ఎప్పటికీ కొత్త మందే. అంటే ప్రతి కంపెనీ ఢిల్లీలో కేంద్ర సంస్థ దగ్గర అనుమతి తీసుకోవాలి, రాష్ట్ర లైసెన్స్ ఒక్కటే చాలదు. అయితే ఒక్క మాట గుర్తుంచుకో. ప్రతి జెనరిక్‌ను అసలుదానితో పోలుస్తారు, ఒక జెనరిక్‌ను ఇంకో జెనరిక్‌తో పోల్చరు. బాపు మారింది ఒక జెనరిక్ నుంచి ఇంకో జెనరిక్‌కు. ఒకటి ఇటు కొంచెం, ఇంకోటి అటు కొంచెం జరిగి ఉంటే మధ్యలో దూరం పెరుగుతుంది.

తంగేడుపువ్వు · శనివారం

అందరికీ చెప్పాల్సింది ఉంది. బాపును చూపించాం. కూర్చున్నప్పుడు 138/84, లేచాక 112/70, నాడి 104. డాక్టర్ గారు పాత కంపెనీ మందే అన్నం తిన్నాక వేసుకోమన్నారు. దడ తగ్గింది. ఏది మారినందుకు తగ్గిందో చెప్పలేను, రెండూ ఒకేసారి మార్చాం. ఆయన మీద పరీక్షలు చేసే ఉద్దేశం నాకు లేదు. మందుల చెడు ప్రభావాలు నమోదు చేసే హెల్ప్‌లైన్ 1800-180-3024కు ఫోన్ చేసి బ్యాచ్ నంబర్‌తో సహా రిపోర్ట్ ఇచ్చాను. నేను రాసింది మొత్తం ఓపికగా తీసుకున్నారు. భోజనం సంగతి కూడా రాసుకోమన్నాను.

నిన్న పిహెచ్ 1.2లో లారిల్ సల్ఫేట్ 0.1 శాతంతో, పసుపు బల్బు కింద పెట్టాను. కొత్తవి నాలుగే మిగిలాయి. మొదటి గంటకు 31, 44, 29, 40 శాతం వచ్చాయి. 12 గోలీలు లేకుండా దీన్ని ఎక్కడా చూపలేను. పరకాలలో ఆ బ్యాచ్ అయిపోయింది.

నర్సంపేట_షాపు · శనివారం

బ్యాచ్ నంబర్ నాకు మెసేజ్ చెయ్యి చెల్లె. మొన్న వచ్చిన సరుకులో అదే కంపెనీవి మూడు స్ట్రిప్‌లు ఉన్నాయి. నంబర్ కలిస్తే ఎవరికీ అమ్మకుండా ఎత్తి పెడతా. సోమవారం హన్మకొండ బస్సులో మా తమ్ముడు వస్తాడు, బస్టాండులో ఇస్తాడు. కలవకపోయినా చెప్తా, ఏజెన్సీలో అడుగుతా.